మిలాన్ తీర్మానాన్ని మన బధిర పాఠశాలల నుంచి తొలగించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ మంత్రివర్యులకు, ముఖ్య కార్యదర్శులకు, సమగ్ర శిక్ష రాష్ట్ర అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారాలు. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యపై ఒక అంతర్జాతీయ సమావేశం జరిగింది. బధిర పిల్లలకు చదువు నోటి మాటతోనే చెప్పాలని, తరగతి గదిలో సంజ్ఞలకు చోటు ఉండకూడదని అది తీర్మానించింది. ఆ తీర్మానం మన చట్టాల్లో ఎక్కడా లేదు, మీ శాఖలు ఇచ్చిన ఏ జీవోలోనూ ఉండి ఉండదు. అయినా ఈ రోజు ఒక బధిర పాఠశాలకు గానీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి గానీ వెళ్ళి కాసేపు కూర్చుంటే, అక్కడ నడుస్తున్నది చాలావరకు ఆ తీర్మానమేనని మీకే తెలుస్తుంది. దాన్ని తొలగిస్తూ, బధిర పిల్లలకు భారతీయ సంజ్ఞా భాషను బోధనా భాషగా ప్రకటిస్తూ, ఆ బోధనలో బధిరులకే ముందు చోటు ఇస్తూ ఉత్తర్వులు జారీ చేయమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నేను బధిరుడైన తమ్ముడికి అక్కను. వృత్తిరీత్యా సంజ్ఞా భాష అనువాదకురాలిని. ఆసుపత్రిలో డాక్టరుకూ రోగికీ మధ్య, కోర్టులో న్యాయవాదికీ సాక్షికీ మధ్య కూర్చోవడం నా పని. చెవులు వినిపించేదాన్ని కాబట్టి బధిరుల తరఫున తీర్పులు చెప్పే అధికారం నాకు లేదన్న ఎరుకతోనే రాస్తున్నాను. వాళ్ళు అడుగుతున్నది మీ దాకా చేరడం లేదు గనుక, రోజూ చేసే పనినే ఈసారి కాగితం మీద చేస్తున్నాను.

మాట శిక్షణ ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూడనివారి కోసం కాస్త వివరంగా చెప్పాలి. గోడకు ఒక అద్దం ఉంటుంది. టీచరు, పిల్లవాడు దాని ముందు పక్కపక్కన కూర్చుంటారు. ‘ప’ నేర్పడానికి పెదవుల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుంటారు. అక్షరం సరిగ్గా పలికితే వచ్చిన గాలికి కాగితం కదలాలి. ‘బ’ కోసం పిల్లవాడి అరచేతిని టీచరు తన గొంతుకు ఆనించుకుంటారు. అక్కడి అదురు చేతికి తెలియాలి. ‘మ’ కోసం వేలు ముక్కు పక్కకు వెళుతుంది. ఇంత కష్టపడి మూడు అక్షరాలూ నేర్చుకున్న పిల్లవాడు రేపు ఎదుటివారి పెదవులను చూసి మాట పోల్చుకోవలసి వచ్చినప్పుడు, ఆ మూడూ పెదవుల మీద ఒకే రకంగా కనిపిస్తాయి. పాట, బాట, మాట అన్న మూడింటికీ బయటికి తేడా లేదు. క, గ వంటి అక్షరాలు నోటి లోపలే పుట్టి లోపలే ఆగిపోతాయి. అనుమానం ఉన్నవారు టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి వార్తలు చదివేవారి పెదవులను పది నిమిషాలు చూడవచ్చు. తెలుగు బాగా వచ్చిన మనకే అది సాధ్యం కాకపోతే, ఇంకా ఏ భాషా రాని నాలుగేళ్ళ పిల్లవాడికి పెదవులను చూసి తెలుగు నేర్చుకొమ్మనడం ఎటువంటి పరీక్షో ఆలోచించండి.

మా తమ్ముడి బాల్యం ఆ అద్దం ముందే గడిచింది. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే అప్పట్లో ఏ బడికి పంపినా అంతకన్నా భిన్నంగా ఉండేది కాదు. పక్కింటి పిల్లలు ఎక్కాలు, ఎడ్ల బండి కథలు, వాన ఎందుకు కురుస్తుందో నేర్చుకుంటున్న ఏళ్ళలో వాడు ‘అమ్మ’, ‘నీళ్ళు’, ‘బంతి’ అనడం నేర్చుకున్నాడు. ఆ మాటలూ ఇంట్లో మాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. వాడికి భాష వచ్చింది హాస్టల్లో. రాత్రి భోజనాలయ్యాక గదిలో లైటు ఆర్పేస్తే చేతులు కనిపించవు కాబట్టి, పిల్లలందరూ వరండాలోని బల్బు కింద చేరేవారు. పగలు తరగతిలో అర్థం కాని పాఠాన్ని పై తరగతుల పిల్లలు అక్కడ సైగలతో విప్పి చెప్పేవారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాడు అడిగిన మొదటి పెద్ద ప్రశ్న, తాతయ్య ఎందుకు కనిపించడం లేదని. ఆయన పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆ సంగతి వాడికి చెప్పగల భాష అంతవరకు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఈ రాత్రి బడులు మన దేశంలో మాత్రమే పుట్టినవి కావు. బధిర విద్య చరిత్ర చదివిన కొద్దీ నాకు కనిపించేది ఒక్కటే: బధిరులు తమలో తాము కట్టుకున్న భాషను గౌరవించి లోపలికి రానిచ్చిన చోట చదువు ముందుకు సాగింది, గుమ్మం బయట నిలబెట్టిన చోట కుంటుపడింది.

పదహారో శతాబ్దపు స్పెయిన్‌లో పెద్రో పోన్సె ద లియోన్ అనే సన్యాసి కొందరు ప్రభువుల ఇళ్ళలోని బధిర పిల్లలకు చదువు చెప్పాడు. ఆస్తి వారసత్వానికి సంబంధించిన చిక్కులు కూడా ఆ శ్రద్ధ వెనుక ఉన్నాయని చరిత్రకారులు అంటారు. 1620లో హువాన్ పాబ్లో బోనెత్ చేతివేళ్ళతో అక్షరాలు చూపే పద్ధతిని పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇవన్నీ సంపన్నుల ఇళ్ళకు పరిమితమైన విద్యలు. పేదవాడి బిడ్డకు బడి తలుపు తెరిచినవాడు పారిస్‌లోని షార్ల్ మిషెల్ ద లెపే అనే మతాచార్యుడు. బధిరులైన ఇద్దరు అక్కాచెల్లెళ్ళకు చదువు చెప్పడంతో మొదలైన ఆయన పని, 1760 ప్రాంతంలో ఫీజు లేని పాఠశాలగా మారింది. ఆయన చేసిన గొప్ప పని పిల్లలకు సంజ్ఞలు కనిపెట్టి ఇవ్వడం కాదు. వాళ్ళ చేతుల్లో అప్పటికే ఉన్న సంజ్ఞలను చూసి, వీటితో చదువు చెప్పవచ్చని గుర్తించడం. 1779లో పియెర్ దెలోజ్ అనే బధిరుడు పారిస్‌లో ఒక పుస్తకం ప్రచురించాడు. పుస్తకాలకు అట్టలు వేసి కుట్టడం ఆయన వృత్తి. పారిస్‌లోని బధిరులు తమలో తాము సంజ్ఞలతో అన్ని విషయాలూ మాట్లాడుకుంటారని, అవి ఎవరో గురువు నేర్పినవి కావని, సంజ్ఞలను తక్కువ చేసి రాసిన ఒక పండితుడికి జవాబుగా ఆయన రాశాడు. తన భాష గురించి ఒక బధిరుడు స్వయంగా అచ్చు వేయించిన తొలి వాదనల్లో అది ఒకటి.

లెపే పనిలో ఒక లోపం ఉంది. అది మనకు ఈనాటికీ పాఠమే కాబట్టి చెబుతున్నాను. బధిరుల సహజ సంజ్ఞలను ఆయన ఉన్నవి ఉన్నట్టుగా ఉంచలేదు. ఫ్రెంచి వ్యాకరణంలోని ప్రతి ప్రత్యయానికీ ఒక సంజ్ఞ చేర్చి, ఫ్రెంచి వాక్యాన్ని చేతులతో చూపించే పద్ధతిగా మార్చాడు. అలా చూపితే ఒక చిన్న వాక్యానికి కూడా బోలెడు సంజ్ఞలు కావలసి వచ్చేవి. పిల్లలు తరగతిలో ఆ పద్ధతిని అప్పజెప్పి, బయటికి రాగానే తమ సంజ్ఞలకు మళ్ళేవారు. తర్వాతి తరంలో రోష్ ఆంబ్రువాజ్ బెబియాన్ వంటివారు ఆ కృత్రిమ పద్ధతిని పక్కన పెట్టి బధిరుల సొంత సంజ్ఞా భాషలోనే బోధించాలని వాదించారు. మన దగ్గర కొందరు టీచర్లు నోటితో తెలుగు మాట్లాడుతూనే మాటకొక సంజ్ఞ అతికించి, సంజ్ఞా భాషలో చెబుతున్నామని అనుకోవడం చూసినప్పుడల్లా నాకు లెపే గుర్తుకు వస్తాడు. భారతీయ సంజ్ఞా భాషకు తనదైన వాక్య నిర్మాణం ఉంది. ప్రశ్నపదం వాక్యం చివరికి వెళుతుంది, ప్రశ్న వేసేటప్పుడు కనుబొమలకు పని ఉంటుంది, ఎవరు ఎవరికి ఇచ్చారన్నది చెయ్యి కదిలే దిక్కును బట్టి తెలుస్తుంది. తెలుగు వాక్యం మీద చేతులు ఆడించడం ఆ భాష కాదు.

పారిస్ పాఠశాలలో చదివిన బధిరులే అక్కడ ఉపాధ్యాయులయ్యారు. ఆ ఒక్క ఏర్పాటు ప్రపంచ బధిర విద్యను మార్చింది. జాఁ మాస్యూ అనే బధిరుడు అక్కడ గురువు. ఆయన శిష్యుడు లొరాఁ క్లెర్. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఒక డాక్టరు గారి అమ్మాయి ఆలిస్ కాగ్స్‌వెల్ బధిర. ఆమె కోసం బధిర విద్య నేర్చుకు రమ్మని థామస్ హాప్కిన్స్ గాలొడెట్ అనే యువకుడిని 1815లో ఐరోపాకు పంపారు. బ్రిటన్‌లో బధిర పాఠశాలలు నడుపుతున్న బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ బోధనా పద్ధతిని వ్యాపార రహస్యంలా దాచుకుని ఆయనకు షరతులు పెట్టింది. పారిస్ పాఠశాల మాత్రం తలుపులు తెరిచి, నేర్చుకొమ్మని ఆహ్వానించింది. చివరికి ఆయన లొరాఁ క్లెర్‌ను వెంటబెట్టుకుని 1816లో ఓడ ఎక్కాడు. ఆ ప్రయాణం 52 రోజులు సాగింది. దారి పొడవునా క్లెర్ ఆయనకు సంజ్ఞలు నేర్పాడు, ఆయన క్లెర్‌కు ఇంగ్లిషు నేర్పాడు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి మొదలైంది. క్లెర్ తెచ్చిన ఫ్రెంచి సంజ్ఞలు, పిల్లలు తమ ఊళ్ళ నుంచి తెచ్చుకున్న సంజ్ఞలు కలిసి అక్కడ పెరిగినదే నేటి అమెరికన్ సంజ్ఞా భాష. ఆ పిల్లల్లో కొందరు మార్తాస్ వినియార్డ్ అనే దీవి నుంచి వచ్చారు. వంశపారంపర్యంగా బధిరులు ఎక్కువగా పుట్టిన ఆ దీవిలో వినగలిగినవారికీ సంజ్ఞలు వచ్చేవి. క్లెర్ 1858 దాకా పాఠాలు చెప్పాడు. ఆయన దగ్గర, ఆయన శిష్యుల దగ్గర నేర్చుకున్న బధిరులు ఇతర రాష్ట్రాలకు వెళ్ళి బడులు పెట్టారు. 1864లో అబ్రహాం లింకన్ సంతకంతో వాషింగ్టన్‌లో బధిరులకు పట్టాలు ఇచ్చే కళాశాల ఏర్పడింది. బధిరుడైన గురువు ఒకే ఒక్కడు సముద్రం దాటితే అర్ధ శతాబ్దంలో ప్రాథమిక పాఠశాల నుంచి డిగ్రీ దాకా దారి పడింది. మీ శాఖలు ఈ ఉదాహరణనే ముందు పెట్టుకుని ఆలోచించాలని నా కోరిక.

ఇక మిలాన్ సంగతి. ఆ సమావేశానికి 164 మంది హాజరయ్యారు. ఎక్కువ మంది ఇటలీ, ఫ్రాన్స్ దేశాలవారు. వారిలో బధిరుడు ఒక్కడే, అమెరికా నుంచి వచ్చిన జేమ్స్ డెనిసన్. సమావేశాన్ని ఏర్పాటు చేసినవారే, నోటి మాటతోనే చదువు చెప్పాలనే మౌఖిక పద్ధతి వాదులు. ఇటలీ పాఠశాలల నుంచి పిల్లలను వేదిక ఎక్కించి ప్రశ్నలు అడిగి, నోటితో జవాబులు చెప్పించారు. ఆ పిల్లల్లో ఎంతమంది మాటలు వచ్చాక వినికిడి పోగొట్టుకున్నవారు, జవాబుల్లో ఎన్ని ముందే వల్లె వేయించినవి అన్న సందేహాలు అప్పుడే కొందరు లేవదీశారు. ఆ సందేహాలను పట్టించుకున్నవారు లేరు. సంజ్ఞల కన్నా వాక్కు నిస్సందేహంగా ఉన్నతమని ఒక తీర్మానం, మాటనూ సంజ్ఞలనూ కలిపి వాడితే మాటకు, పెదవులు చదవడానికి, ఆలోచన స్పష్టతకు హాని కాబట్టి శుద్ధ మౌఖిక పద్ధతినే అనుసరించాలని మరొక తీర్మానం భారీ మెజారిటీతో నెగ్గాయి. వ్యతిరేకించిన కొద్దిమందిలో అమెరికా ప్రతినిధులు ముఖ్యులు. ఏ పిల్లల చదువు గురించి నిర్ణయం జరిగిందో, ఆ పిల్లలలా పెరిగి పెద్దయినవారిని అడగకుండానే అంతా ముగిసింది.

ఫలితం వెంటనే కనిపించింది. సంజ్ఞలు నిషేధం అయినప్పుడు సంజ్ఞలతో చదువు చెప్పే బధిర ఉపాధ్యాయులకు బడిలో పని ఉండదు. ఐరోపాలో వాళ్ళు ఒక్కొక్కరుగా ఇంటికి వెళ్ళారు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తల్లి బధిర, భార్యా బధిర. అయినా ఆయన 1883లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన పత్రంలో, బధిరులు ఒకరినొకరు పెళ్ళి చేసుకుంటే మానవుల్లో బధిర జాతి ఒకటి ఏర్పడుతుందని హెచ్చరించి, వసతి పాఠశాలలను, సంజ్ఞా భాషను, బధిర ఉపాధ్యాయులను అందుకు కారణాలుగా చూపాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి అమెరికాలో నూటికి దాదాపు 80 మంది బధిర విద్యార్థులకు సంజ్ఞలు లేకుండానే చదువు చెబుతున్నారు. తమ భాష అంతరించిపోతుందేమోనని భయపడిన అక్కడి బధిరుల జాతీయ సంఘం చందాలు పోగుచేసి, అప్పుడప్పుడే వచ్చిన సినిమా కెమెరాతో పెద్దవారి సంజ్ఞలను చిత్రీకరించి దాచుకుంది. ఏ భాషలో పిల్లలకు పాఠం చెప్పవద్దన్నారో ఆ భాషను రీళ్ళలో భద్రపరచుకోవలసి వచ్చిందన్నమాట.

మన దేశంలో ఆధునిక బధిర పాఠశాలలు సరిగ్గా ఆ నీడలోనే పుట్టాయి. బొంబాయి పాఠశాల 1880ల నడుమ, కలకత్తా పాఠశాల 1893లో వచ్చాయి. అదే దశాబ్దంలో తమిళనాడులోని పాళయంకోటలో ఫ్లారెన్స్ స్వెయిన్‌సన్ బడి మొదలుపెట్టింది. అప్పటికి మిలాన్ తీర్మానమే శాస్త్రీయమైనదని ప్రపంచం నమ్ముతోంది. పాశ్చాత్య దేశాల నుంచి శిక్షణతో పాటు ఆ నమ్మకమూ మన బడులలోకి వచ్చింది. ఆ దేశాలు తర్వాత మారినా మనం అక్కడే నిలిచిపోయాం. తరగతిలో చేతులు కదపవద్దనడం, కదిపితే స్కేలుతో కొట్టడం నేను ఎరిగిన పెద్ద వయసు బధిరులు ఇప్పటికీ చూపించే జ్ఞాపకం. సంజ్ఞా భాష మాత్రం హాస్టళ్ళలో, బధిరుల సంఘాల్లో, సాయంత్రాలు బస్టాండుల దగ్గర కలిసే స్నేహితుల మధ్య తరం నుంచి తరానికి నడిచింది. 1970ల చివర మదన్ వశిష్ఠ, జేమ్స్ వుడ్‌వర్డ్ తదితరులు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరులలో బధిరుల సంజ్ఞలను సేకరించి పోల్చారు. పదకొండేళ్ళ వయసులో వినికిడి పోగొట్టుకున్న వశిష్ఠ హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక పల్లెలో పెరిగి, అమెరికా వెళ్ళి చదువుకున్నవాడు. ఆ నగరాల సంజ్ఞలలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకదానికొకటి సంబంధించినవేనని, ఇది బ్రిటిష్, అమెరికన్ సంజ్ఞా భాషల నకలు కాదని, ఇక్కడే పుట్టిన స్వతంత్ర భాష అని వారు తేల్చారు. ఏ అకాడమీ నేర్పకుండా, ఏ పాఠ్యపుస్తకం లేకుండా, బడి వద్దన్నా దేశమంతా ఇంత దగ్గరగా పెరిగిన భాష మరొకటి మన దగ్గర ఉందా అంటే నాకు అనుమానమే.

సంజ్ఞలు భాష ఎలా అవుతాయన్న ప్రశ్న మీ శాఖల్లో ఇంకా ఎవరికైనా ఉంటే, దానికి భాషాశాస్త్రం 1960లోనే జవాబు చెప్పింది. వాషింగ్టన్ కళాశాలలో ఇంగ్లిషు పాఠాలు చెప్పే విలియం స్టోకీ, అమెరికన్ సంజ్ఞలను చేతి ఆకారం, చేతి స్థానం, కదలిక అనే అంగాలుగా విడదీసి, మాటలో ధ్వనులు చేసే పనినే ఇవి చేస్తాయని చూపించాడు. మొదట్లో ఆయన తోటివారే నవ్వారు.

అంతకన్నా పెద్ద రుజువు నికరాగువా నుంచి వచ్చింది. అక్కడ 1970ల చివరిదాకా బధిర పిల్లలు ఎవరి ఇళ్ళలో వాళ్ళు ఒంటరిగా, ఇంటి సైగలతో పెరిగేవారు. 1977లో మనాగ్వా నగరంలో ప్రత్యేక విద్యా కేంద్రం ఒకటి, 1980లో వృత్తి శిక్షణ పాఠశాల ఒకటి తెరిచి వాళ్ళను ఒకచోట చేర్చారు. టీచర్లు మామూలుగా పెదవులు చదవడం, స్పానిష్ మాటలు పలకడం నేర్పబోయారు. అది పెద్దగా ఫలించలేదు. అయితే ఆటస్థలంలో, బస్సుల్లో పిల్లలు తమ ఇంటి సైగలను కలబోసుకున్నారు. వాళ్ళ తర్వాత వచ్చిన చిన్న పిల్లలు ఆ కలబోతను అందుకుని, దానికి ఎవరూ నేర్పని వ్యాకరణం కల్పించారు. పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో టీచర్లకే అంతుపట్టక, చివరికి భాషాశాస్త్రజ్ఞురాలు జూడీ కెగల్‌ను 1986లో పిలిపించారు. కళ్ళ ముందు ఒక భాష పుట్టడాన్ని శాస్త్రవేత్తలు చూసిన అరుదైన సందర్భం అది. అందులో మనకు పనికివచ్చే విషయం రెండో భాగంలో ఉంది: ఎంత చిన్న వయసులో ఆ గుంపులో చేరితే ఆ పిల్లల భాష అంత నిండుగా వచ్చింది. పెద్దయ్యాక చేరినవారికి ఆ నిండుదనం రాలేదు. భాషకు వయసు ఉంది. ఆ వయసు అద్దం ముందు కరిగిపోతే తర్వాత ఎన్ని రాయితీలు ఇచ్చినా తిరిగి రాదు.

రాయితీల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పక తప్పదు. పరీక్షల్లో భాషా మినహాయింపులు, అదనపు సమయం, ఉత్తీర్ణతలో సడలింపు వంటివి మీరు ఇస్తున్నారు. అవి అవసరమే. కానీ పదో తరగతి దాటిన బధిర యువతీయువకులు ఒక దరఖాస్తు చదివి నింపలేక, ఆసుపత్రి చీటీ అర్థం కాక నా దగ్గరకు వస్తున్నారు. వాళ్ళ తెలివికి ఏ లోటూ లేదు. సంజ్ఞల్లో చెబితే ఆస్తి తగాదా పత్రాలను కూడా చకచకా పట్టుకుంటారు. మొదటి భాష గట్టిగా లేకపోవడం వల్ల, రెండో భాష అయిన తెలుగు అక్షరాలకు వాళ్ళకు ఆధారం దొరకలేదు. స్వీడన్ పార్లమెంటు 1981లో సంజ్ఞా భాషను బధిరుల భాషగా గుర్తించాక, అక్కడి బధిర పాఠశాలలు సంజ్ఞా భాషను మొదటి భాషగా, రాత రూపంలోని స్వీడిష్‌ను రెండో భాషగా బోధించే పాఠ్యప్రణాళికకు మారాయి. మన పిల్లలకూ రాత తెలుగును పరాయి భాషను నేర్పినట్టు సంజ్ఞల ద్వారా విడమర్చి నేర్పవచ్చు. తెలుగును తగ్గించమని నేను అడగడం లేదు. తెలుగు నిజంగా వచ్చే దారి అడుగుతున్నాను.

చట్టం మీ వెంటే ఉంది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక, సంజ్ఞా భాష నేర్చుకునే వీలు కల్పించాలని, బధిర సమాజపు భాషా అస్తిత్వాన్ని పెంపొందించాలని 24వ అధికరణంలో చెబుతుంది. 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ బధిరులకు అత్యంత అనువైన భాషల్లో విద్య అందించమంటుంది. 17వ సెక్షన్ సంజ్ఞా భాష తెలిసిన ఉపాధ్యాయులను, వారిలో వికలాంగులైన ఉపాధ్యాయులను కూడా కలుపుకుని, శిక్షణ ఇచ్చి నియమించమంటుంది. 2020 జాతీయ విద్యా విధానం భారతీయ సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణీకరించి జాతీయ, రాష్ట్ర స్థాయి పాఠ్య సామగ్రి తయారు చేయాలని, స్థానిక సంజ్ఞా భాషలను గౌరవించాలని చెప్పింది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3 వేల పదాలతో తెచ్చిన నిఘంటువును 2021 నాటికి 10 వేల పదాలకు పెంచింది, ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం చేసుకుని పాఠ్యపుస్తకాలను సంజ్ఞల్లోకి తెస్తోంది. సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో సంజ్ఞా భాష ఒక సబ్జెక్టు. ఇన్ని ఉండగా మన రాష్ట్రాల తరగతి గదిలో లోటు ఎక్కడుందంటే, ఆ భాష వచ్చిన మనిషి బల్ల అవతల లేకపోవడమే. సంజ్ఞా భాష బోధనలో డిప్లొమా చేసి, ఆ పట్టాకు తగిన పోస్టు కోసం ఎదురుచూస్తున్న బధిర యువతను నేను ఎరుగుదును.

అందువల్ల మొట్టమొదట ప్రతి ప్రభుత్వ బధిర పాఠశాలలో, ఎయిడెడ్ పాఠశాలలో బధిరులైన సంజ్ఞా భాష బోధకుల పోస్టులు మంజూరు చేయండి. మండల స్థాయి భవిత కేంద్రాలకు కనీసం వారంలో కొన్ని రోజులైనా వారిని పంపండి. ఇప్పుడు పనిచేస్తున్న ప్రత్యేక ఉపాధ్యాయులు చెడ్డవారని నేను అనడం లేదు. వారిలో ఎందరో ఓర్పుతో పనిచేస్తున్నారు, కానీ వాళ్ళ శిక్షణలో సంజ్ఞా భాషకు దక్కినది కొద్ది గంటలే. వారికి బధిర బోధకుల వద్దనే దీర్ఘకాలిక శిక్షణ ఇప్పించి, సంజ్ఞా భాషలో నైపుణ్యాన్ని పరీక్షించి, ఆ తర్వాతే బధిర తరగతి అప్పగించండి.

రెండోది తల్లిదండ్రుల విషయం. బధిర పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినగలిగిన తల్లిదండ్రులకే పుడతారన్నది అమెరికా లెక్క. మన పరిస్థితీ అంతకు పెద్దగా భిన్నం కాదని నా అనుభవం. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం చేతికి ఇచ్చే రోజునే, పిల్లవాడితో మాట్లాడటం ఎక్కడ నేర్చుకోవాలో చెప్పే మనిషి ఆ బల్ల దగ్గర ఉండాలి. ఈ రోజు ఆ కుటుంబానికి దొరుకుతున్నది శాతం రాసిన కాగితం, మహా అయితే ఒక చెవి మిషన్. ప్రభుత్వ ఆరోగ్య పథకాల ద్వారా, వినికిడి కోసం చెవి లోపల యంత్రం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు చేయిస్తున్న సంగతి నాకు తెలుసు. అవి ఎందరికో మేలు చేశాయి. కానీ ఆపరేషన్ అయిన పిల్లలకు సైగలు చూపిస్తే మాట రాదని తల్లులను భయపెట్టడం మిలాన్ తీర్మానమే, తెల్లకోటు వేసుకుని వచ్చింది. యంత్రం చెడిపోయిన రోజున, బ్యాటరీ అయిపోయిన రోజున, నీళ్ళలో ఆడే గంటలో కూడా పిల్లవాడికి భాష ఉండాలి. సంజ్ఞలు, మాట రెండూ నేర్పితే నష్టమేమిటో చెప్పమని ఆ సలహా ఇచ్చేవారిని మీరే అడగండి.

మూడోది సమ్మిళిత విద్య. మంచి ఉద్దేశంతో పెట్టిన ఈ మాట బధిర పిల్లల విషయంలో ఎదురు తిరుగుతోంది. యాభై మంది వినగలిగిన పిల్లల మధ్య ఒక్క బధిర బాలికను కూర్చోబెడితే ఆమె తరగతిలో ఉన్నట్టు హాజరు పట్టీలో కనిపిస్తుంది, అంతే. నికరాగువా పిల్లలకు భాష పుట్టింది ఒకచోట చేరినందువల్ల. మన హాస్టళ్ళు చేసిందీ అదే. అందువల్ల సంఖ్య తక్కువ ఉందన్న కారణంతో బధిర పాఠశాలలను మూయవద్దు, విలీనం చేయవద్దు. ఊరి బడిలోనే చదివించాలనుకునే కుటుంబాలకు నలుగురైదుగురు బధిర పిల్లలను ఒకే బడికి చేర్చి, వారికి ఒక సంజ్ఞా భాష బోధకుడిని ఇవ్వండి.

ఇవన్నీ ఎవరు రూపొందించాలన్నది చివరి మాట. 1988 మార్చిలో, లింకన్ సంతకం చేసిన ఆ విద్యాసంస్థలో 124 ఏళ్ళుగా ఒక్క బధిరుడినీ అధ్యక్షుడిగా నియమించలేదన్న కోపంతో విద్యార్థులు వారం రోజులు గేట్లు మూసి ఆందోళన చేశారు. వారి కోరికల్లో అధ్యక్ష పదవితో పాటు మరొకటి ఉంది: పాలక మండలిలో 51 శాతం మంది బధిరులు ఉండాలి. రెండూ నెగ్గాయి, ఐ. కింగ్ జోర్డాన్ మొదటి బధిర అధ్యక్షుడయ్యాడు. 2010 జులైలో కెనడాలోని వాంకోవర్‌లో కూడిన 21వ అంతర్జాతీయ బధిర విద్యా సమావేశం, మిలాన్ తీర్మానాలన్నిటినీ తిరస్కరిస్తూ, వాటి వల్ల కలిగిన హానికి విచారం ప్రకటించింది. 130 ఏళ్ళ తర్వాత ఆ వేదికే తన మాట వెనక్కి తీసుకుంటే, అక్కడి నుంచి అరువు తెచ్చుకున్న మనం దాన్ని పట్టుకుని ఉండటం ఎందుకు? మీరు వేసే కమిటీలో సగానికి పైగా బధిరులు ఉండాలి. కర్నూలు, వరంగల్, విజయనగరం వంటి చోట్ల హాస్టళ్ళలో పుట్టి వాడుకలో ఉన్న సంజ్ఞలను, వాటిని ఎరిగిన పెద్దలు ఉండగానే వీడియో తీయించి, పాఠ్య సామగ్రిలో ఢిల్లీ సంజ్ఞల పక్కన చోటు ఇవ్వాలి.

ఈ విషయాలు మాట్లాడటానికి రెండు రాష్ట్రాల బధిరుల సంఘాల ప్రతినిధులకు, బధిర పూర్వ విద్యార్థులకు, బధిర పిల్లల తల్లిదండ్రులకు కలిపి ఒక సమావేశం ఏర్పాటు చేయమని మనవి. విద్యా సంవత్సరం మొదలు కాకముందే జరిగితే ఈ ఏడాది చేరే పిల్లలకు ఉపయోగపడుతుంది. హాలులో వెలుతురు బాగా ఉండాలి, కుర్చీలు వరుసలుగా కాకుండా అర్ధవృత్తంలో వేయించాలి, అప్పుడే అందరి చేతులూ అందరికీ కనిపిస్తాయి. అధికారుల కోసం సంజ్ఞలను తెలుగులోకి చెప్పేవారు ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి మారాలి కాబట్టి కనీసం ఇద్దరు అనువాదకులు కావాలి. అందులో ఒకరిగా రావడానికి నేను సిద్ధం. రుసుము అవసరం లేదు, తేదీ పది రోజుల ముందు తెలియజేస్తే చాలు.

భవదీయురాలు,
ఒక బధిరుడి అక్క, సంజ్ఞా భాష అనువాదకురాలు